ఇంటికొచ్చే పింఛను, లెక్కకు రాని పునఃపరిశీలన

మా పెదనాన్నగారి అబ్బాయి కొబ్బరి దింపు కార్మికుడు. పదకొండేళ్ల కిందట వసిష్ఠ గోదావరి గట్టును ఆనుకున్న ఒక తోటలో, వాన వెలిసిన మర్నాడు, తడి ఆరని చెట్టెక్కి, గెల దాకా చేరాక కాలు జారి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని ఎడమకాలు పూర్తిగా, కుడికాలు సగం పట్టు తప్పాయి. పడేటప్పుడు కమ్మను పట్టుకోబోయిన కుడిచేతి మణికట్టు కూడా అప్పటి నుంచి సరిగా తిరగదు. దింపు, కాయల వలుపు పనుల మీద బతికే మా ప్రాంతపు పేటల్లో ఇలా చేతికర్రకో మంచానికో పరిమితమైన మనిషిని వెతకడానికి ఎక్కువ దూరం నడవక్కరలేదు.

అన్నయ్యకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నుంచి వస్తున్న ఎన్టీఆర్ భరోసా దివ్యాంగుల పింఛను, దాని మీద 2025లో జరిగిన వైద్య పునఃపరిశీలన, ఆ రెండింటి గురించి జనానికి అందుబాటులో ఉండే లెక్కలు, ఈ మూడింటినీ కలిపి ఒకే సేవగా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. నేను బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి. సాయంత్రం పెట్టెలోని నగదుకూ పుస్తకంలోని అంకెకూ ఒక్క రూపాయి తేడా వచ్చినా అది తేలేదాకా ఇంటికి వెళ్లలేని ఉద్యోగం అది. అందువల్ల డబ్బు ఎలా అందుతోందన్న దానితో పాటు, ఆ డబ్బుకు రాసిన లెక్క ఎలా ఉందో చూడటం నాకు అలవాటు. చుట్టుపక్కల వాళ్లు అర్జీలు రాయించుకోవడానికి మా ఇంటికే వస్తారు కనుక, ఒక్క అన్నయ్య అనుభవంతోనే కాకుండా నా చేతి మీదుగా వెళ్లిన కాగితాలన్నిటినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా, డబ్బు అందించే తీరుకు నేను ఐదుకు ఐదు మార్కులు వేస్తాను. నెల ఒకటో తారీఖున, ఇంకా కళ్లాపి ఆరకముందే, గ్రామ సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంటు అమ్మాయి స్కూటీ మీద వచ్చి గుమ్మంలో నిలబడి "పెదనాన్నగారూ, లేచారాండీ?" అని పిలుస్తుంది. ఒకటో తారీఖు ఆదివారమైతే ముందురోజే వస్తుంది. అన్నయ్య వేలిముద్ర చాలాసార్లు పడదు. చిన్నప్పటి నుంచి చెట్టు మాను ఒరుసుకున్న వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. దింపు కార్మికులలోనూ, పీచు ఒలిచే ఆడవాళ్లలోనూ ఇది మామూలు సంగతి. అలాంటప్పుడు ఆ అమ్మాయి విసుక్కోకుండా ఫోనులో ముఖం చూపించమని అడిగి పని పూర్తి చేస్తుంది. ఒక నెల, రెండు నెలలు ఊళ్లో లేక తీసుకోలేకపోతే మూడో నెలలో కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 చివర్లో వచ్చింది. వైద్యం కోసం విశాఖలోనో హైదరాబాదులోనో పడి ఉండే వారికి ఇది చాలా పెద్ద మేలు. పింఛను కోసం ముసలివాళ్లు, నడవలేనివాళ్లు పోస్టాఫీసు అరుగు మీద పొద్దుటి నుంచి కూర్చున్న రోజులను బల్లకు ఇవతలి పక్క నుంచి చూసినవాణ్ణి కనుక, ఈ మార్పు విలువ ఎంతో నాకు బాగా తెలుసు.

ఇచ్చే మొత్తం గురించి కూడా నాకు ఫిర్యాదు లేదు. 2014లో ఇదే పేరుతో పథకం మొదలైనప్పుడు 40 నుంచి 79 శాతం వైకల్యం ఉన్నవారికి నెలకు 1,000 రూపాయలు, 80 శాతం, అంతకు మించి ఉన్నవారికి 1,500 రూపాయలు ఇచ్చేవారు. తర్వాతి సంవత్సరాలలో అది 3,000 అయింది. 2024 జూలై 1 నుంచి 6,000 చేశారు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 5,000 నుంచి 15,000కు పెంచారు. వృద్ధులకు, వితంతువులకు అదే నెలలో 4,000 అయింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో ఒక నియమం ఉంది: ఇతరులకు ఇచ్చే ఇలాంటి సాయం కన్నా దివ్యాంగులకు ఇచ్చేది కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. 4,000కు పాతిక శాతం కలిపితే 5,000. మన రాష్ట్రం ఇస్తున్నది 6,000. చట్టం అడిగిన దానికన్నా ఎక్కువే ఇస్తున్నారని ఒప్పుకోవాలి. ఇందులో కేంద్రం చేయి చాలా చిన్నది. ఇందిరాగాంధీ జాతీయ దివ్యాంగుల పింఛను కింద, 80 శాతం వైకల్యం ఉండి దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న 18 ఏళ్లు నిండినవారికి, అదీ 79 ఏళ్ల లోపు, కేంద్రం వంతుగా వచ్చేది నెలకు 300 రూపాయలు. ఆ మూడు వందల రూపాయలు ఏళ్ల తరబడి పెరగలేదు. మిగిలిన 5,700 రాష్ట్ర ఖజానా నుంచే రావాలి.

ఇంత డబ్బు వెళుతున్నప్పుడు అది ఎవరికి చేరుతోందో చూసుకోవడం ప్రభుత్వ బాధ్యత. అన్ని రకాల పింఛన్లూ కలిపి నెలకు 63, 64 లక్షల మందికి సుమారు 2,700 కోట్లు పంచే పథకంలో, డబ్బిచ్చి తెచ్చుకున్న సదరం (ప్రభుత్వ వైద్యులు ఇచ్చే వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్లతో పింఛను తీసుకునేవారు లేరని మా ఊళ్లో ఎవరూ అనరు. రెండు కాళ్లూ బాగున్న మనిషి సైకిలు తొక్కుకుంటూ వచ్చి దివ్యాంగుల పింఛను తీసుకుంటుంటే, నిజంగా కాలు లేనివాడు చూసి తల దించుకోవడం నేను కళ్లారా చూశాను. చట్టం 91వ సెక్షను ప్రకారం అలా మోసంతో లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అందుకే 2025 జనవరిలో పునఃపరిశీలన మొదలైందని విన్నప్పుడు నేను సంతోషించాను. మొదట 15,000 తీసుకునే మంచం పట్టిన వారి ఇళ్లకే వైద్య బృందాలు వెళ్లాయి. ఆ పద్ధతి సరైనది. ఆ తర్వాత మిగిలిన దివ్యాంగులను తేదీ వేసి ప్రభుత్వ ఆసుపత్రులకు రమ్మన్నారు.

అన్నయ్యకు నోటీసు వచ్చినప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వదిన ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చి, "మరిదిగారూ, ఇందులో ఏం రాశారండి? పింఛను తీసేస్తారా?" అని అడిగింది. తేదీ, ఆసుపత్రి పేరు, తేవలసిన కాగితాలు, రాకపోతే పింఛను నిలుపుదల అవుతుందన్న హెచ్చరిక, ఇంతే ఉంది. ఎందుకు పిలుస్తున్నారు, ఏ ప్రమాణంతో చూస్తారు, ఫలితం నచ్చకపోతే ఎవరికి చెప్పుకోవాలి అన్న మూడు ముక్కలు ఆ కాగితంలో ఉండి ఉంటే, ఆ రాత్రి ఆ ఇంట్లో అందరూ నిద్రపోయేవారు. అన్నయ్య సదరం సర్టిఫికెట్టు మీద "శాశ్వత వైకల్యం, 70 శాతం" అని స్పష్టంగా ఉంది. "శాశ్వతం అని వాళ్లే రాసిచ్చారు కదరా తమ్ముడూ, మళ్లీ చూడటమేంటి?" అని అన్నయ్య అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవాలంటే అందరినీ చూడక తప్పదేమో అని మాత్రం అన్నాను.

అన్నయ్య ఉండేది లంకలో, అంటే చుట్టూ గోదావరి పారే దిబ్బ మీది ఊళ్లో. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లడమంటే ముందు ఆటో, తర్వాత రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ), అవతలి ఒడ్డున మళ్లీ ఆటో. పంటు ఎక్కే బల్ల మీద చేతికర్రతో నిలవలేక, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాము. ఆటోల కిరాయి, పంటు టిక్కెట్లు, మధ్యాహ్నం తిండి, తోడు వచ్చిన మేనల్లుడు పోగొట్టుకున్న ఒక రోజు వలుపు కూలి, అన్నీ కలిపి ఆ ఒక్క రోజుకు 1,700 రూపాయలు అయ్యాయి. ఈ ఖర్చు ఏ లెక్కలోనూ ఎక్కదు. గోదావరికి వరద వచ్చే జూలై, ఆగస్టులలో కాజ్‌వేలు మునిగినప్పుడు ఇదే ప్రయాణం నాటు పడవ మీద చేయవలసి వస్తుంది. ఆ రెండు నెలల్లో లంక గ్రామాల వారికి తేదీలు వేయకూడదన్న చిన్న జాగ్రత్తను తేదీలు నిర్ణయించినవారు తీసుకుని ఉండాల్సింది.

ఆసుపత్రి పేరు చెప్పను, అక్కడి వైద్యుల మీద నాకు కోపం లేదు. ఆ రోజు వచ్చినవారి సంఖ్యకూ, ఉన్న వైద్యులకూ పొంతన లేదు. చక్రాల కుర్చీలు రెండే ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి వెళితే అన్నయ్య వంతు ఒంటిగంట దాటాక వచ్చింది. చూసిన వైద్యుడు మర్యాదస్తుడు. "కాలు పైకెత్తండి, మీరు ఆయాసపడకండి" అని నెమ్మదిగానే అడిగారు. కానీ చూసింది నాలుగైదు నిమిషాలు మాత్రమే. మా దగ్గరున్న పాత ఎమ్మారై ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి ఒక్కసారి చూశారు. కుడిచేతి మణికట్టు సంగతి చెప్పబోతే, "కాళ్లది చాలు లెండి" అన్నారు.

ఆ "చాలు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. వైకల్య శాతం అనేది ఇష్టం వచ్చినట్టు వేసే అంకె కాదు. కేంద్రం 2018 జనవరిలో ప్రకటించి, 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాలు దానికి ఆధారం. ఒక మనిషికి రెండు చోట్ల వైకల్యం ఉంటే రెండు శాతాలనూ నేరుగా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసివేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఉదాహరణకు కాలిది 40, చేతిది 30 అయితే మొత్తం 70 అవదు, సుమారు 57 అవుతుంది. చేతిని చూడకుండా వదిలేస్తే అదే మనిషి 40 దగ్గర, అంటే అర్హత గీత మీద నిలబడతాడు. ఒక్క శాతం తగ్గిందంటే నెలకు 6,000 రూపాయలు పోతాయి. సగం నిమిషం మణికట్టును తిప్పి చూడటానికీ, చూడకపోవడానికీ మధ్య ఉన్న తేడా సంవత్సరానికి 72,000 రూపాయలు.

చూపుదీ ఇలాంటి కథే. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగా ఉన్నవారికి ఆ మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే వస్తుంది. వాళ్లకు పింఛను అర్హత లేదు. రొయ్యల చెరువు దగ్గర సున్నం పడి ఒక కన్ను పోయిన ఒకాయన, తనకు అన్యాయం జరిగిందని అర్జీ రాయమని నా దగ్గరకు వచ్చారు. నియమం అదేనని చెప్పి, రాయకుండా పంపించాను. కష్టంగానే అనిపించింది, కానీ వైద్యుడు తప్పు చేయని చోట చేశారని రాయడం నాకు ఇష్టం లేదు.

ఫలితం వచ్చేసరికి అన్నయ్యకు 62 శాతం వేశారు. 70 ఎలా 62 అయిందో కాగితంలో లేదు. 40 దాటింది కనుక పింఛను కొనసాగింది, మేము మాట్లాడకుండా ఊరుకున్నాం. మా వీధి చివరి ఇంటి అమ్మాయి సంగతి వేరు. ఇంటర్మీడియట్ చదువుతోంది, పుట్టుకతోనే వినికిడి లోపం, చెవి యంత్రం పెట్టుకుంటుంది. ఆమెది తాత్కాలిక సర్టిఫికెట్టు. 2025 ఆగస్టులో ఆమెకు వచ్చిన నోటీసులో 36 శాతం అని, అర్హత లేదని ఉంది. చట్టంలో వినికిడి లోపం అంటే రెండు చెవులలోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టమని, 70 దాటితే బధిరత్వమని నిర్వచనం ఉంది. అంత సన్నని కొలతను తీయాలంటే చప్పుడు చొరబడని గది కావాలి. ఆ అమ్మాయికి పరీక్ష చేసిన గది తలుపు అవతలే జనం క్యూ ఉందని, మధ్యలో రెండుసార్లు తలుపు తెరిచారని వాళ్ల అమ్మ చెప్పింది.

ఆ ఆగస్టులో రాష్ట్రమంతటా ఇలాంటి నోటీసులు లక్ష దరిదాపుల్లో వెళ్లాయి. సెప్టెంబరు నుంచి పింఛను ఆగుతుందని మొదట చెప్పారు. నిరసనలు వచ్చాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని ప్రకటించారు. పాత సర్టిఫికెట్టు, కొత్త సర్టిఫికెట్టు, నోటీసు జతచేసి ఎంపీడీవో ఆఫీసులో, పట్టణాలలో మునిసిపల్ కమిషనరుకు, నెల లోపు అర్జీ ఇవ్వాలి. 60 ఏళ్లు దాటినవారిలో కొందరిని వృద్ధాప్య పింఛనులోకి మార్చారు. వారికి 6,000 పోయి 4,000 వస్తుంది. ఈ అమ్మాయి అర్జీ నేనే రాశాను. ఎంపీడీవో ఆఫీసులో రసీదు అడిగితే మొదట "అక్కర్లేదండీ" అన్నారు. నేను కదలకుండా నిలబడ్డాక ముద్ర వేసి ఇచ్చారు. నవంబరులో వేరే ఆసుపత్రిలో, తలుపు వేసిన గదిలో మళ్లీ పరీక్ష చేస్తే 52 శాతం వచ్చింది. మూడు నెలల వ్యవధిలో అవే చెవులకు 36, 52. ఆ అమ్మాయి చెవుల్లో మార్పు ఏమీ రాలేదు, మారింది గది ఒక్కటే.

ఇక్కడి నుంచే నా అసలు ఫిర్యాదు మొదలవుతుంది, అది లెక్కల గురించి. ఈ అమ్మాయిలా రాష్ట్రంలో ఎంతమందికి రెండో పరీక్షలో శాతం పెరిగింది? ఎంతమందికి మొదటిదే ఖాయమైంది? ఎంతమంది అప్పీలు చేయకుండానే మానుకున్నారు? వినికిడి లోపం వారిలో ఎక్కువ మందిని తీసేశారా, కాళ్ల వైకల్యం వారిలోనా, మానసిక వైకల్యం వారిలోనా? మా కోనసీమ జిల్లాలో ఎంత, పక్కనున్న పశ్చిమగోదావరిలో ఎంత? అర్జీ ఇచ్చిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా సగటున ఎన్ని రోజులు పట్టింది? పింఛన్ల వెబ్‌సైటు చూశాను, నెలనెలా పత్రికల వాళ్లకు ఇచ్చే ప్రకటనలు చదివాను, సచివాలయంలో అడిగాను. ఈ నెల ఎంతమందికి ఎన్ని కోట్లు పంచారో, ఏ పూటకు ఎన్ని శాతం పంపిణీ పూర్తయిందో అక్కడ దొరుకుతుంది. ఇచ్చినదాని లెక్క అంత శ్రద్ధగా రాసేవారు, తిరిగి చూసినదాని లెక్కను ఒక పట్టికగా నాలాంటివాడి కంటపడేలా పెట్టకపోవడం నాకు బాధ కలిగించింది. దివ్యాంగుల పింఛను తీసుకునేవారు రాష్ట్రంలో 8 లక్షలకు దగ్గరగా ఉన్నారు. అందులో లక్ష మందికి అర్హత లేదనడం చిన్న మాట కాదు. నెలకు 60 కోట్ల రూపాయల మాట.

అసలు ఎంతమంది దివ్యాంగులు ఉన్నారన్న దగ్గరే మన లెక్క కుదురుగా లేదు. 2011 జనగణనలో దేశంలో 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది అని తేలింది. ఆ జనగణన 8 రకాల వైకల్యాలను అడిగింది. 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఆ దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వంటి రక్త వ్యాధులు, యాసిడ్ దాడి బాధితులు, ఆటిజం, పార్కిన్సన్స్ అందులో ఉన్నాయి. 8 గళ్లలో లెక్కపెట్టిన జనాభాతో 21 గళ్ల చట్టాన్ని అమలు చేస్తున్నాం. రాష్ట్రం విడిపోయింది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి, మా కోనసీమ అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా అయింది. పాత తూర్పుగోదావరి అంకెను దీనితో పోల్చడానికి కూడా వీల్లేదు. 2027 జనగణన వచ్చేదాకా ఈ గందరగోళం తప్పదు. అందాకా మనకు ఉన్న నమ్మకమైన ఆధారాలు సదరం రికార్డు, పింఛను రికార్డు, దివ్యాంగులకు దేశమంతటా ఇస్తున్న 18 అంకెల యూడీఐడీ గుర్తింపు కార్డు రికార్డు. ఆ కార్డు 40 శాతం లోపు వారికి తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80, ఆపైన ఉన్నవారికి నీలం రంగులో ఉంటుంది. అంటే సమాచారం కంప్యూటరులో ఉంది. నోటీసు ఇచ్చిన ప్రతి మనిషికీ పాత శాతం ఎంతో, కొత్త శాతం ఎంతో ఆ కంప్యూటరుకు తెలుసు. దాన్ని పేర్లు లేకుండా, జిల్లాల వారీగా కూడి చూపించడం ఒక గుమస్తాకు ఒక పూట పని.

ఇది కోరకూడని కోరిక కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. మా మేనకోడలు ఇంగ్లాండులోని ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తుంది. అక్కడ పనిచేసే వయసులో ఉన్న దివ్యాంగులకు 2013 నుంచి పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అని ఒక సాయం ఇస్తున్నారు, వాడుకలో పిప్ అంటారు. వైకల్య శాతం బదులు, వంట చేసుకోవడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మందులు వేసుకోవడం, నడవడం వంటి 12 పనులలో మనిషికి ఎంత ఇబ్బంది ఉందో చూసి మార్కులు వేస్తారు. రోజువారీ పనులలో గానీ, కదలికలో గానీ 8 వస్తే సాధారణ రేటు, 12 వస్తే పెద్ద రేటు. తీసుకునేవారు 35 లక్షలకు మించి ఉన్నారు. ఆ సాయం ఇచ్చే ప్రభుత్వ శాఖ మూడు నెలలకోసారి పట్టికలు ప్రచురిస్తుంది. మా మేనకోడలు ఫోనులో పంపితే కళ్లద్దాలు పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. అందులో కొత్త దరఖాస్తులు ఎన్ని, ఎన్ని వారాలు పట్టింది అన్న వాటితో పాటు, ఇప్పటికే సాయం పొందుతున్నవారిని తిరిగి చూసినప్పుడు ఎంతమందికి పెరిగింది, ఎంతమందికి మారలేదు, ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి పూర్తిగా ఆగిపోయింది అని నాలుగు గళ్లు ఉన్నాయి. వెన్నెముక జబ్బులు, మానసిక రుగ్మతలు, చెవి జబ్బులు అంటూ వ్యాధి వారీగా కూడా విడదీసి ఉంటాయి. శాఖ నిర్ణయాన్ని మరోసారి చూడమని ఎంతమంది అడిగారు, ట్రైబ్యునల్‌కు ఎంతమంది వెళ్లారు, అక్కడ ఎవరి మాట నిలిచింది అన్నది కూడా రాస్తారు.

ఆ దేశపు పరీక్షా పద్ధతి గొప్పదని నేను అనడం లేదు. విచారణ దాకా వెళ్లిన కేసులలో సగానికి పైగా దరఖాస్తుదారుకే అనుకూలంగా తీర్పు వస్తోంది. అంటే అక్కడా మొదటి పరీక్షలో తప్పులు బాగానే జరుగుతున్నాయి. అయితే ఆ తప్పుల సంగతి మనకు తెలిసింది ఆ శాఖ స్వయంగా వేసిన పట్టిక వల్లనే. తన తప్పును తానే లెక్కపెట్టి గోడకు అంటించుకునే ప్రభుత్వాన్ని ఎవరైనా వేలెత్తి చూపవచ్చు, సరిదిద్దమని అడగవచ్చు. మరో మంచి సంగతి కూడా ఆ కాగితాలలో చూశాను. ఎప్పటికీ నయం కాని తీవ్రమైన వైకల్యం ఉన్నవారిని అక్కడ మాటిమాటికీ పిలవరు, పదేళ్లకోసారి తేలికపాటి పరిశీలన చేస్తారు.

ఆ చివరి మాట నాకు మా రెండో వీధిలోని పోలియో మనిషిని గుర్తు చేసింది. ఆయనకు ఇప్పుడు యాభై దగ్గర. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు, కానీ అంతకు ముందే సన్నబడిన కాళ్లు ప్రకటనలతో తిరిగి పెరగవు. అలాంటి మనిషిని కూడా కొత్తగా చూసినట్టు చూసి, వరుసలో నిలబెట్టి, కాలు కొలిచారు. మరోపక్క బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో మళ్లీ చూడటానికి వైద్యపరమైన కారణం ఉంది. అయిదేళ్లకు, పదేళ్లకు, పద్దెనిమిదేళ్లకు తిరిగి చూసి, అప్పుడు జీవితాంతం చెల్లే సర్టిఫికెట్టు ఇవ్వాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎవరిని మళ్లీ చూడాలి, ఎవరిని చూడనవసరం లేదు అన్న ఈ తేడా కాగితం మీద ఉండగా, అందరినీ ఒకే వరుసలో నిలబెట్టడం వల్లనే ఆసుపత్రులలో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు మిగిలాయని నా అభిప్రాయం. దొంగ సర్టిఫికెట్టు అనుమానం ఉన్నవారిని, తాత్కాలిక సర్టిఫికెట్టు గడువు ముగిసినవారిని ముందు చూసి ఉంటే, ఆ నాలుగు నిమిషాలు ఇరవై అయ్యేవి, అన్నయ్య మణికట్టును తిప్పి చూసేవారు, ఆ అమ్మాయి గది తలుపు మూసి ఉండేది.

పునఃపరిశీలనకు పిలుపు వచ్చినవారికి నా అనుభవం నుంచి కొన్ని మాటలు. పాత సదరం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు, ఆపరేషను కాగితాలు, ఎక్స్‌రేలు, స్కానింగు ఫిల్ములు అసలువి తీసుకెళ్లండి, జిరాక్సులు మాత్రమే అక్కడ వదలండి. శరీరంలో ఒకటి కన్నా ఎక్కువ చోట్ల లోపం ఉంటే ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకెళ్లి, గదిలోకి వెళ్లగానే వైద్యుని చేతికివ్వండి. మాటలతో చెబితే జనం హడావుడిలో వినబడకపోవచ్చు, కాగితం బల్ల మీద ఉంటే కళ్లు దాని మీద పడతాయి. వినికిడి పరీక్షలో బయటి చప్పుడు వినబడితే అప్పుడే చెప్పి, మళ్లీ చేయమని అడగండి. నోటీసు చేతికి వచ్చిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి, నెల గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. అర్జీ ఇచ్చాక ముద్ర ఉన్న రసీదు లేకుండా ఆఫీసు గుమ్మం దిగకండి. అక్కడ కదలిక లేకపోతే కలెక్టరేటులో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, అక్కడ ఇచ్చే నంబరుతో తర్వాత ఆరా తీయవచ్చు.

మార్కులు వేయాలంటే, పంపిణీకి ఐదు, సచివాలయం సిబ్బంది మర్యాదకు ఐదు, ఇచ్చే డబ్బు ఎంత అన్నదానికి నాలుగున్నర, వైద్య పరీక్షకు రెండు, అప్పీలు పద్ధతికి మూడు వేస్తాను. అప్పీలుకు మూడు ఎందుకంటే, ఆలస్యమైనా ఆ అమ్మాయికి న్యాయం జరిగింది, మధ్యలో ఒక్క నెల కూడా డబ్బు ఆగలేదు. లెక్కలకు మాత్రం ఒక్కటే వేస్తాను, అది కూడా ఒకటో తారీఖు పంపిణీ అంకెలను చూసి.

మా సచివాలయం గోడ మీద లబ్ధిదారుల జాబితా అంటించే బోర్డు ఒకటి ఉంది. దాని పక్కనే నాలుగు అంకెలు రాయమని, మా సచివాలయం పరిధిలో ఎంతమందిని మళ్లీ చూశారు, ఎంతమందికి నోటీసు ఇచ్చారు, ఎంతమంది అప్పీలు చేశారు, ఎంతమందికి పింఛను తిరిగి ఖాయమైంది అని, వెల్ఫేర్ అసిస్టెంటు అమ్మాయిని అడిగాను. "పైనుంచి ఆర్డరు లేదండి, తాతగారూ, నా దగ్గర అంకెలు మాత్రం ఉన్నాయండి" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ ఆర్డరు కోరుతూ సోమవారం అమలాపురం వెళ్లి అర్జీ ఇచ్చి, నంబరు తీసుకుని వచ్చాను. మా వీధి చివరి ఇంటి అమ్మాయికి ఈసారి ఇచ్చినది కూడా తాత్కాలిక సర్టిఫికెట్టే, దాని గడువు ముగిసేలోపు జవాబు వస్తే ఈ సమీక్షలో లెక్కల మార్కును నేనే మారుస్తాను.